ముల్లు ఎవరి చేతిలో ఉంది?

మన సాహిత్య విమర్శకి పాట రాసినవాడు కవి. పాడినవాడు గాయకుడు. రెండూ చేస్తే వాగ్గేయకారుడు. మరి వంద పాటలు ముందేసుకుని, ఈ రాత్రి ఈ జనానికి ఈ పాటే కావాలని ఎంచినవాడు ఎవడు? వాడికి మన విమర్శలో పేరు లేదు. వాడు మైకు సెట్టోడు. పాట ఆగిపోయినప్పుడు తిట్టడానికి తప్ప ఎవరికీ గుర్తురాడు.

జమైకాలో వాడికి పేరుంది. సెలెక్టర్ అంటారు. రెగే అనగానే మన పిల్లలకి బాబ్ మార్లే బొమ్మ ఉన్న బనీను గుర్తొస్తుంది. కాని ఆ సంగీతం పెరిగింది వీధిలో నిలబెట్టిన స్పీకరు పెట్టెల ముందు. ఆ పెట్టెల్ని, వాటిని నడిపే జట్టుని కలిపి సౌండ్ సిస్టం అన్నారు. రికార్డు ఎంచి వేసేవాడు సెలెక్టర్. మైకు పట్టి పాట మీద మాట కలిపేవాడు డీజే. ఆంప్లిఫయర్లు, వైర్లు చూసుకునేవాడు ఆపరేటర్. మన దగ్గర రికార్డు వేసేవాణ్ణే డీజే అంటున్నారు. అక్కడ ఆ పేరు మాటగాడిది.

ఈ సెలెక్టర్ వీధిలోంచి రేడియోకి ఎట్లా నడిచాడు, నడిచే దారిలో ఏం వెంట తెచ్చుకున్నాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్నదే ఈ వ్యాసం. ఎక్కడి జమైకా, ఎక్కడి లండన్, నీకెందుకీ గొడవ అని అడగొచ్చు. నేను తరతరాలుగా ఇంకొకరి శబ్దాన్ని మోసిన కులంలో పుట్టిన. అందుకు.

మాది పాత మెదక్ జిల్లా. మాదిగ వాడ. మా నాయిన ఎట్టి కింద ఊర్లె దండోరా వేసెటోడు. చెరువు తూము తెరుస్తున్నరు, పన్ను కట్టాలె, ఫలానోళ్ళ బర్రె తప్పిపోయింది, ఎల్లుండి జాతర. ముచ్చట ఏదైనా మా నాయిన నోట్లకెళ్ళే ఊరికి తెలవాలె. రేడియో లేని ఇండ్లకి మా నాయినే రేడియో. గాని అందుల ఒక్క ముచ్చట మా నాయినది గాదు. పటేలు చెప్పిన మాటకి ఒక మాట కలపొద్దు, ఒక మాట తియ్యొద్దు. ఒక యేడు కూలి పెంచాలని వాడంతా కూడబలుక్కున్నరు. "గీ ముచ్చట గూడ దండోరా ఎయ్యరాదు?" అని మా అవ్వ అడిగింది. "గది ఊరి దండోరా గాదు" అన్నడు మా నాయిన. తోలు మేం పదును పెట్టింది. పలక మేం బిగించింది. మంటకి కాపి శ్రుతి చేసింది మేము. నోరు మాది. మాట మాత్రం వాళ్ళది.

తొమ్మిది, పది చదివే రోజుల్ల పెండ్లిళ్ళ సీజన్ల నేను దగ్గర టౌనుల ఒక మైకు సెట్టు షాపుల పని చేసిన. బ్యాటరీ మొయ్యాలె. యాపచెట్టెక్కి హారన్లు కట్టాలె. వైరు గుంజాలె. రికార్డు ప్లేయరు కాడ మాత్రం ఓనరు చుట్టపు పిలగాడు కూసునెటోడు. "నువ్వు ముల్లు ముట్టకు, రికార్డుకి గీతలు వడ్తయి" అని నాకు ముందే చెప్పిన్రు. ఆ పిలగానికి సదువు రాదు. రికార్డు మీద పేరు సదివి చెప్పెటోణ్ణి నేను. ముల్లు పెట్టెటోడు వాడు.

ఏప్రిల్ 14 నాడు మాత్రం కథ వేరే. అంబేద్కర్ జయంతికి మా వాడోళ్ళు మైకు మాట్లాడుకుంటే, ఆ పిలగాడు వాడలకి రానని ఎనకకి జరిగిండు. సెట్టంతా నా ఒక్కనికి ఇచ్చి పంపిన్రు. అంటరానితనం నాకు చేసిన ఉపకారం అదొక్కటే. ముల్లు నా చేతికొచ్చింది. పెట్టె తెరిచి చూస్తే మా బతుకు మీద పాడిన రికార్డు ఒక్కటి లేదు. అన్నీ దేవుని పాటలు, సినిమా పాటలు. ఉన్న వాటినే వరస మార్చిన. మొదలు దేవుని పాట పడాలె అన్న ఆనవాయితీ తీసి పక్కకి పెట్టిన. కూలోళ్ళు నాట్లేసే సినిమా పాట ఒకటుంటే దానితోని మొదలువెట్టిన. పాట అయిపోంగనే ఒక ముసలవ్వ "మల్ల ఎయ్యి కొడుకా" అని కేకేసింది. మల్ల ఏసిన. ఆ కేకకి కింగ్‌స్టన్‌లో ఒక పేరుందని నాకు చాన యేండ్లకి గాని తెలవలే.

హైదరాబాదు హాస్టల్ల ఉన్నప్పుడు ఒక ఆఫ్రికా విద్యార్థి దగ్గర్నుంచి మార్లే కేసెట్టు మా గదికొచ్చింది. అప్పుడు మేము నల్లజాతి కవిత్వం తెగ చదువుతున్న కాలం. ఆ దారి మాకంటే ముందే పడ్డది. ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వం రద్దుకి కొట్లాడిన అమెరికా జనానికి అంకితం చేసిండు. అంబేద్కర్ 1946లో డుబాయిస్‌కి ఉత్తరం రాసిండు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకున్నరు. మేము ఆ తోవనే పోయినం. గాని చదివినం. విన్లేదు. మార్లేది కూడ సాహిత్యం తీసి కాగితం మీద పెట్టుకుని కవిత్వంలెక్క చదివినం. అచ్చులో లేనిది సాహిత్యం గాదన్న అగ్రవర్ణ విమర్శకుల రోగం మాకూ అంటింది.

ఇప్పుడు కింగ్‌స్టన్‌కి పోదాం.

1940ల చివర, 50ల మొదట్లో అక్కడి హోటళ్ళలో ఉన్నవాళ్ళ కోసం బ్యాండ్లు వాయించేవి. పడమటి కింగ్‌స్టన్ పేదలకి ఆ తలుపు తెరుచుకోదు. 1950లో రేడియో జమైకా వచ్చింది. 1959లో బీబీసీ నమూనాలో జేబీసీ వచ్చింది. వాటిలో వినపడే భాషా మర్యాదా దొర భాష, దొర మర్యాద. వీధిలో మాట్లాడే పాత్వాకి అక్కడ చోటు తక్కువ. మరి పేదలు ఏం చేశారు? ఖాళీ జాగాలో పెద్ద పెద్ద చెక్క పెట్టెలు చేసి నిలబెట్టారు. అమెరికా నుంచి వచ్చిన నల్లవాళ్ళ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు వేశారు. టామ్ ద గ్రేట్ సెబాస్టియన్ అన్న సెట్టు మొదటి పెద్ద పేరు. ఆ వెనక కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ఆ తర్వాత ప్రిన్స్ బస్టర్. డాడ్ అమెరికా దక్షిణాదికి పొలం కూలీగా పోయి, అక్కడి సంగీతం విని, రికార్డులు కొనుక్కొచ్చినవాడు. పొట్టకూటికి పోయినవాడు మూటలో పాటలు తెచ్చుకున్నాడన్న మాట.

ఈ సెట్ల మధ్య పోటీ ఎట్లా ఉండేదంటే, రికార్డు మధ్యలో అంటించిన కాగితాన్ని గీకేసేవాళ్ళు. పాటెవరిదో పక్క సెట్టువాడికి తెలియకూడదు. డాడ్ ఒక అమెరికన్ రికార్డుకి 'కాక్సన్ హాప్' అని తన పేరే పెట్టుకుని యేళ్ళ తరబడి వేశాడు. అసలు పేరు కనిపెట్టేదాకా డ్యూక్ రీడ్‌కి నిద్ర లేదు. దీన్ని వ్యాపారపు కుట్ర అని కొట్టెయ్యొచ్చు. నాకు ఇందులో ఇంకో సంగతి కనపడుతుంది. ఆ పాట రాయని, పాడని, వాయించని ఒక నల్లవాడు ఎంపిక ఒక్కదానితోనే దాన్ని తన ఊరిది చేశాడు. సెలెక్టర్‌ది పని కాదు, కళ అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ కళకి వ్యాకరణం ఉంది. జనం ఒక పాటకి ఊగిపోతే కేకలు వేస్తారు, డబ్బాలు కొడతారు. అప్పుడు సెలెక్టర్ పాటని సగంలో ఆపి, ముల్లు ఎత్తి, మళ్ళీ మొదటికి తెస్తాడు. దాన్ని పుల్ అప్ అంటారు. రీవైండ్ అంటారు. మా ముసలవ్వ వేసిన కేక ఇదే. పాట ఎంతసేపు ఉండాలో, ఎన్నిసార్లు పడాలో తేల్చేది విన్నవాళ్ళు. కవి సమ్మేళనాల్లో "వన్స్ మోర్" అనడానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ జనం కేకే పాటలో ఒక భాగం. జనానికి నచ్చకపోతే ఆ మౌనంలో సెలెక్టర్ పరువు పోతుంది. రెండు సెట్లు ఎదురెదురుగా నిలబడి పోటీపడే రాత్రి తీర్పు చెప్పేది కూడా జనమే. మా డప్పుకీ ఇదే ధర్మం. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు. సిర్ర, సిటికెన పుల్ల ఏ దరువులోకి ఎప్పుడు మళ్ళాలో నిలబడ్డ జనం కాళ్ళు చూసి తేల్చుకోవాలి. ఇంతటి నేర్పుని మన విమర్శకులు "డప్పు మోత" అన్న రెండు మాటల్లో సరిపుచ్చారు.

ఇంకొక సంగతి. కింగ్ టబ్బీ అనేవాడు రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. తన సెట్టు పేరు హోమ్ టౌన్ హై-ఫై. ఆయన పాటలోంచి గొంతు తీసేశాడు. డ్రమ్ము, బేస్ మిగిల్చి వాటికి ప్రతిధ్వని తగిలించాడు. దాన్నే డబ్ అన్నారు. గొంతు తీసేసిన ఖాళీలో ఆయన సెట్టు డీజే యూ-రాయ్ తన మాట వేశాడు. వీధి భాష, వీధి చమత్కారం. 1970లో యూ-రాయ్ రికార్డులు మూడు ఒక్కసారే జమైకా పట్టికలో మొదటి మూడు స్థానాల్లో నిలబడ్డాయి. దొర భాష మాట్లాడే రేడియో ఇంక వాటిని కాదనలేకపోయింది. గమనించండి. రేడియో వీధిని పిలవలేదు. వీధే రేడియో మీద పడింది.

అట్లని ఈ చరిత్రని పూలదండ వేసి కూర్చోబెట్టను. డాడ్, రీడ్ లాంటి వాళ్ళు సెట్టు యజమానులు. తర్వాత స్టూడియో యజమానులయ్యారు. పాడినవాళ్ళలో చాలామందికి దక్కింది కొద్ది డబ్బు. రీడ్ మాజీ పోలీసు, సారా కొట్టు సొంతదారు, తుపాకీ కనపడేట్టు పెట్టుకుని తిరిగేవాడు. పేదల నడుమ పుట్టిన ప్రతిదీ పేదలది కాదు. పెట్టె ఒకడిది, చెయ్యి ఒకడిది అయినప్పుడు అక్కడా ఒక పటేలు పుడతాడు.

వీధి నుంచి రేడియోకి నడిచినవాళ్ళలో నన్ను బాగా ఆలోచింపజేసినవాడు మైకీ డ్రెడ్. అసలు పేరు మైకేల్ క్యాంప్‌బెల్. జమైకా తూర్పున పోర్ట్ ఆంటోనియోలో పుట్టాడు. కుర్రతనంలో సౌండ్ సిస్టంలతో తిరిగాడు. హైస్కూలు రేడియోలో పనిచేశాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1976లో జేబీసీలో ఇంజనీరుగా చేరాడు. దేశమంతా రెగే పుడుతుంటే రేడియోలో ఎక్కువగా విదేశీ పాప్ పాటలు. పైవాళ్ళని ఒప్పించి తనకో కార్యక్రమం తెచ్చుకున్నాడు. పేరు 'డ్రెడ్ ఎట్ ద కంట్రోల్స్'. అందరూ పడుకునే రాత్రివేళ ఇచ్చారు. ఆయన దాన్నే జాతర చేశాడు. దాదాపు అంతా రెగేనే. మధ్యలో ప్రతిధ్వనులు, వింత శబ్దాలు, తన సొంత జింగిల్స్. స్టూడియోలో కూర్చుని సౌండ్ సిస్టం నడిపాడు. రాత్రి దేశం మేలుకుంది. ఆ స్టేషన్లో అంత పేరున్న కార్యక్రమం ఇంకోటి లేకుండా పోయింది. చివరికి యాజమాన్యంతో పడక నిరసనగా బయటికొచ్చేశాడు. 2008లో చనిపోయాడు.

ఆ పేరులోనే విమర్శ ఉంది. డ్రెడ్ అంటే జడలు కట్టిన రాస్తా మనిషి. మర్యాదస్తులు జడిసి దూరం పెట్టే మనిషి. వాడు కంట్రోల్స్ దగ్గర కూర్చున్నాడని చాటింపు. ఇక్కడ 1994లో మంద కృష్ణ పేరు చివర మాదిగ అని చేర్చుకున్నప్పుడు, ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టినప్పుడు జరిగింది అదే. తిట్టుని బోర్డు మీద రాసుకోవడం. అప్పటిదాకా పటేలు మాట మోసిన దండోరా అప్పుడు తన మాట చెప్పింది.

కాని మైకీ డ్రెడ్ కథలో ఒక పాఠం ఉంది. ముల్లు ఆయన చేతిలో ఉంది. స్టేషను ఆయన చేతిలో లేదు. అందుకే అంత ఆదరణ ఉన్నవాడు కూడా బయటికి నడవాల్సి వచ్చింది. ఆకాశవాణిలో గాని, పత్రికలో గాని, యూనివర్సిటీలో గాని ఒక సీటు దొరికిన దళితుడు ఈ తేడా తెలుసుకోవాలి.

జమైకా నుంచి లక్షల మంది పని కోసం ఇంగ్లండు పోయారు. అక్కడి పబ్బులు, క్లబ్బులు చాలా చోట్ల నల్లవాళ్ళని రానివ్వలేదు. అద్దె ఇల్లు దొరకలేదు. ఊరి బావి కాడికి రానివ్వనోళ్ళు మనకి కొత్త గాదు కాబట్టి ఎక్కువ వివరించను. డ్యూక్ విన్ అనేవాడు 1955లో లండన్ లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో మొదటి సౌండ్ సిస్టం పెట్టాడు. ఇళ్ళ నేలమాళిగల్లో రాత్రిపూట పార్టీలు. పోలీసుల దాడులు. పగిలిన పెట్టెలు. మళ్ళీ కొత్త పెట్టెలు. 1981 జనవరి 18న న్యూ క్రాస్‌లో ఒక ఇంట్లో పుట్టినరోజు పార్టీ జరుగుతుంటే మంటలంటుకుని 13 మంది నల్ల యువతీ యువకులు చచ్చిపోయారు. దేశం దాన్ని పట్టించుకున్న తీరు చూసి కడుపు మండి మార్చి 2న వేలాది మంది లండన్‌లో నడిచారు. ఏప్రిల్లో బ్రిక్‌స్టన్ మండింది.

సరిగ్గా ఆ కాలంలోనే డీబీసీ పనిచేసింది. డ్రెడ్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. బీబీసీని వెక్కిరించే పేరు. లెప్కీ అన్న పేరుతో మాట్లాడిన లీరాయ్ ఆండర్సన్ 1980లో పడమటి లండన్‌లో మొదలుపెట్టాడు. లైసెన్సు లేదు. బ్రిటన్‌లో నల్లవాళ్ళు సొంతంగా నడిపిన మొదటి సంగీత రేడియో అదే. అధికారిక రేడియోలు రెగేకి వారానికి ఏ కొద్ది గంటలో పడేస్తే, వీళ్ళు తమ పూటంతా అదే వేశారు. పాత్వాలో మాట్లాడారు. అప్పటి ప్రసారాల్ని ఎవరో కేసెట్లలో పట్టి దాచినవి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. నేను వాటిని చాలా రాత్రులు విన్న. మాట సగమే అర్థమయ్యేది. కాని ఆ పద్ధతి నాకు పూర్తిగా తెలిసిందే. పాటకి ముందు ఉపన్యాసం లేదు. ఒక పాట, దాని మీద ప్రతిధ్వనించే ఒక కేక, ఇంకో పాట. ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో చూస్తే చెప్పదలచుకున్నది తెలిసిపోతుంది. ప్రభుత్వం దాడులు చేసింది. 1984లో చట్టం బిగించింది. ఆ యేడే డీబీసీ ఆగిపోయింది.

లెప్కీ తోబుట్టువు మార్గరెట్ ఆండర్సన్ డీబీసీలో రాంకింగ్ మిస్ పీ అన్న పేరుతో రికార్డులు వేసింది. 1985లో బీబీసీ రేడియో వన్ ఆమెకి రెగే కార్యక్రమం ఇచ్చింది. మగవాళ్ళ అడ్డా అయిన సౌండ్ సిస్టం ప్రపంచంలోంచి ఒక నల్ల స్త్రీ దేశం మొత్తానికి వినిపించింది. దీన్ని గెలుపు అనాలా, ఇముడ్చుకోవడం అనాలా? నేను గెలుపే అంటాను. కాని సగం గెలుపు. మనిషిని లోపలికి తీసుకున్నారు. స్టేషన్ని మూయించారు.

లైసెన్సు వచ్చిన చోట కూడా గండం తప్పలేదు. లండన్‌లో కిస్ ఎఫ్ఎం 1985లో దొంగ రేడియోగా పుట్టి, 1990 నుంచి లైసెన్సుతో నడిచింది. తర్వాత పెద్ద మీడియా కంపెనీ చేతికి పోయింది. ఎవరి చెయ్యి ఆ పాటల్ని ఎంచి తెచ్చిందో ఆ చేతులు చాలావరకు బయటికి పోయాయి. లాభం ముల్లు పట్టుకుంది. అందుకే వ్యాపార రేడియో కాకుండా మూడో దారి కావాలని అక్కడి జనం యేళ్ళకేళ్ళు అడిగారు. 2002లో ప్రయోగంగా 15 స్టేషన్లు వచ్చాయి. వాటిలో బర్మింగ్‌హామ్ ఆఫ్రో-కరిబియన్ సమాజం నడిపిన న్యూ స్టైల్ రేడియో ఒకటి, సౌతాల్ పంజాబీల దేశీ రేడియో ఒకటి. 2004లో కమ్యూనిటీ రేడియోకి చట్టం వచ్చింది. లాభం కోసం నడపరాదు, ఆ చోటి జనానికి జవాబు చెప్పాలి అన్నవి అందులో మూల సూత్రాలు. ఒకప్పుడు నేలమాళిగలో పెట్టెలు పగలగొట్టించుకున్న మనుషుల తోవ అక్కడిదాకా పోయింది.

మన దగ్గర ఈ తోవ ఎట్లుంది?

మన దేశంలో పెద్ద సెలెక్టర్ ప్రభుత్వమే. 1940 నుంచి మూడు దశాబ్దాలు రేడియోలో హార్మోనియం వినపడనివ్వలేదు. 1952లో బి.వి. కేస్కర్ మంత్రిగా ఉండి సినిమా పాటల్ని రేడియోలో ఆపించాడు. జనం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పుకున్నారు. శాస్త్రీయం పైన, లలితం నడుమ, జానపదం కింద. సంగీతానికీ వర్ణాలు పెట్టారు. మా డప్పు 'జానపదం' గదిలో అప్పుడప్పుడు కూసునేది. ఒక స్టేషను వాళ్ళు మా జట్టుని పరీక్షకి పిలిచి, పాటలో కూలి మాట, కులం మాట ఉన్న చరణం తీసేసి పాడమన్నరు. టబ్బీ పాటలోంచి గొంతు తీసింది ఇంకో గొంతు రావడానికి. వీళ్ళు తీసింది ఏ గొంతూ రాకుండా ఉండడానికి.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. గాలి ప్రజలదే అని కోర్టు చెప్పాల్సి రావడమే విచిత్రం. నీళ్ళు అందరివని చెప్పడానికి 1927లో అంబేద్కర్ మహద్ చెరువుదాకా నడవాల్సి వచ్చిన దేశం కదా. తీర్పు వచ్చినా తలుపు తెరుచుకోలేదు. మా జహీరాబాదు పక్కన మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1998 నుంచే స్టూడియో పెట్టుకుని రికార్డు చేశారు. లైసెన్సు రాలేదు. పదేళ్ళు ఆ కేసెట్లని సంఘం మీటింగుల్లో వేసుకుని విన్నారు. 2006లో కొత్త మార్గదర్శకాలొచ్చాక, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అన్న ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపారు. విత్తనాల ముచ్చట, తైదలు జొన్నల ముచ్చట, నాట్ల పాట, కోతల పాట, మా మెదక్ యాసలోనే.

ఈ పదేళ్ళ కేసెట్ల కాలాన్ని నేను సౌండ్ సిస్టం కాలం అంటాను. గాలి అందకముందే ఎంపిక నేర్చుకున్నారు. ఏది దాచాలి, ఏది వినిపించాలి, ఎవరి ముందు వినిపించాలి అన్నది సంఘంలో కూసోని తేల్చుకున్నారు. మన పిల్లలు కొందరు ముందు లైసెన్సు, మిషన్లు, ఆ తర్వాత ఏం వెయ్యాలని ఆలోచిస్తున్నారు. కింగ్‌స్టన్, లండన్, మాచనూరు మూడూ చెప్పేది తిరగేసి ఉంది.

నేను కూడా కొన్నేళ్ళు ఒక కమ్యూనిటీ రేడియోలో వారానికో గంట పాటలు వేసిన. పేరు అనవసరం. అంబేద్కర్ పాటలు, డప్పు దరువులు, మా వాడ ముసలోళ్ళ గొంతులు. కమిటీలో ఒక పెద్దమనిషి "అంబేద్కర్ పాటలు జయంతి నాడు వేస్కోవచ్చు గదా, వారం వారం ఎందుకు" అన్నడు. ఏప్రిల్ 14 నాడు మాత్రమే ముల్లు చేతికిచ్చే బుద్ధి అదింకా పోలేదు.

2006 మార్గదర్శకాల్లో ఒక షరతుంది. వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయాలు వెయ్యరాదు. అంటే విత్తనం గురించి చెప్పొచ్చు. ఆ విత్తనం వేసిన కూలోణ్ణి కొడితే చెప్పొద్దు. అది వార్త. ఒక వారం దగ్గర ఊర్లె మా పిలగాణ్ణి చంపిన్రు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. కారంచేడు తర్వాత పుట్టిన ఒక పాట వేసిన. దాని ఎనక చుండూరు తర్వాత పుట్టిన ఒక పాట. దాని ఎనక నోరు లేకుండ ఉత్త చావు దెబ్బ. మల్ల మొదటి పాట. 1985, 1991, ఇయ్యాల. తారీకులు నేను చెప్పలే, విన్నోళ్ళు చెప్పుకున్నరు. ఆ రాత్రి ఫోన్లు ఆగలే. ఒకామె ఏడ్చుకుంట "మల్ల ఎయ్యన్నా" అన్నది. తెల్లారి కమిటీ పిలిచింది. "నేనేం వార్త చెప్పిన?" అని అడిగిన. "చెప్పలే గాని..." అన్నరు. ఆ 'గాని' కాడ నా కార్యక్రమం ఆగింది.

నేను ఆ రాత్రి చేసింది నా కనిపెట్టుడు కాదు. కింగ్‌స్టన్ వీధిలో పుట్టి, లండన్ గాలిలో పెరిగిన పద్ధతి. మాట కట్టేసినప్పుడు వరసే మాట. దీన్ని విమర్శ ఎందుకు పట్టించుకోదు? కథలో మౌనాన్ని, కవితలో ఖాళీని పేజీలకి పేజీలు విప్పి చెప్పే మన పండితులు రెండు పాటల నడుమ ఉన్న అర్థం దగ్గరికి రారు. ఎందుకంటే అక్కడ కూసున్నోడు మైకు సెట్టోడు. లింటన్ క్వేసి జాన్సన్ కవిత్వాన్ని 2002లో పెంగ్విన్ తన క్లాసిక్స్‌లో వేసింది. మంచిదే. ఆయన ఆ లయ నేర్చుకున్న సౌండ్ సిస్టం సెలెక్టర్లు ఏ క్లాసిక్స్‌లో ఉన్నారు?

ఎంపిక హక్కు అడిగేవాళ్ళం ఎంపిక బాధ్యత కూడా మొయ్యాలి. 1990లలో జమైకా డ్యాన్స్‌హాల్లో స్వలింగ ప్రేమికుల మీద విషం కక్కిన పాటలకీ, ఆడవాళ్ళని అంగడి సరుకు చేసిన పాటలకీ సెలెక్టర్లు రీవైండ్ ఇచ్చారు. జనం కేకేశారు కాబట్టి అనడం జవాబు కాదు. మన వాడల్లోనూ జయంతి రాత్రి రికార్డింగు డ్యాన్సు పెట్టుకుంటున్నాం. మా అవ్వ ఆ యేడు అడిగిన ప్రశ్న డప్పు పట్టిన మా నాయినకి రాలేదు. ఏం చాటాలో తెలిసిన మనిషి చేతికి డప్పు ఎన్నడూ రాలేదు. మాచనూరులో ఆడవాళ్ళు మిషను పట్టారంటే నాకు అందుకే కింగ్‌స్టన్ కన్నా అది పెద్ద ముచ్చట.

చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఉద్యమంలో తిరుగుతున్న అన్నలు ఒక పని చెయ్యండి. మీ మండలంలో మైకు సెట్టు మోసిన మాల మాదిగలు ఇంకా బతికున్నరు. దండోరా వేసినోళ్ళు బతికున్నరు. వాళ్ళ దగ్గర కూసోండి. ఏ పాటలు తెలుసని అడగొద్దు. ఏ పాట ఎనక ఏ పాట వేసినవు, ఎందుకు వేసినవు, ఎవరు ఆపిన్రు అని అడగండి. రాసుకోండి, రికార్డు చెయ్యండి. మీ ఊరికి రేడియో లైసెన్సు వస్తే స్టూడియో ఎంత పెద్దదని చూడకండి. కమిటీలో ఎవరున్నరు, ముల్లు ఎవరి చేతిలో ఉంది, విన్నోళ్ళు "మల్ల ఎయ్యి" అంటే వినే తోవ ఉందా అని చూడండి. లేకపోతే ఆ రేడియో ఎఫ్ఎం మీద నడిచే పటేలు దండోరా. మనం మళ్ళీ హారన్లు కట్టడానికి చెట్టెక్కాల్సిందే.